ఆరోగ్య వృత్తినిపుణుల సామాజిక మాధ్యమ ప్రవేశం: కోనసీమ నేపథ్యంలో గోప్యత, భాష, బాధ్యత

వ్యాససంగ్రహం:

వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది సామాజిక మాధ్యమాలను వాడడం నేడు సర్వసాధారణమైంది. అయితే ఖాతా తెరవడం ఎంత సులభమో, వృత్తిధర్మానికి భంగం కలగకుండా దానిని నిర్వహించడం అంత కష్టం. డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నేపథ్యంలో, కొత్తగా ఈ మాధ్యమాలలోకి వచ్చే ఆరోగ్య వృత్తినిపుణులు గ్రహించవలసిన నియమాలను, భాషా విషయాలను, ఆచరణ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అందరూ అందరికీ తెలిసిన చిన్న సమాజంలో రోగి పేరు తొలగించినంత మాత్రాన రోగి గోప్యత నిలవదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: సామాజిక మాధ్యమాలు, వైద్యనీతి, రోగి గోప్యత, ఆరోగ్య సంభాషణ, వాట్సాప్, కోనసీమ, తెలుగు వైద్యభాష.

1. ఉపోద్ఘాతం:

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం అంచున ఏర్పడిన డెల్టా భూమి కోనసీమ. వైనతేయ పాయ దీనిని మధ్యలో చీలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. కొబ్బరి, వరి, చేపల చెరువులు ఇక్కడి జీవనాధారాలు. రాజోలు, అమలాపురం పరిసర గ్రామాల నుంచి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా ఇంటిపనుల కోసం, వలస వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు. లంక గ్రామాలలో నేటికీ పంటు మీదనో, నాటు పడవ మీదనో రేవు దాటి ఆసుపత్రికి రావలసిన కుటుంబాలు ఉన్నాయి. ఇటువంటి చోట చరవాణి కేవలం కాలక్షేప సాధనం కాదు. ఊరికీ ఆసుపత్రికీ, తల్లికీ విదేశంలోని కూతురికీ మధ్య అది వారధి.

ఇక్కడి వైద్యుడు తాను సామాజిక మాధ్యమాలలో లేనని భావించవచ్చు. కాని రక్తపరీక్ష నివేదిక ఫొటో ఆయన వాట్సాప్‌కు వస్తూనే ఉంటుంది. గర్భిణి వివరాలు ఆశా కార్యకర్తల బృందంలోకి చేరుతూనే ఉంటాయి. మందుల దుకాణానికి చీటీకి బదులు చీటీ ఫొటో వస్తుంది. కాబట్టి “ప్రారంభం” అంటే ఖాతా తెరవడం అని అర్థం చేసుకోరాదు. ఇప్పటికే అప్రయత్నంగా సాగుతున్న వాడుకను వృత్తిధర్మానికి అనుగుణంగా క్రమబద్ధం చేసుకోవడమే అసలైన ప్రారంభం. ఈ దృష్టితోనే ఇక్కడి చర్చ సాగుతుంది.

2. పూర్వరంగం - పత్రికా శీర్షిక నుంచి చరవాణి వరకు:

తెలుగువారికి ఆరోగ్య విషయాలను బహిరంగంగా చర్చించడం కొత్త కాదు. దినపత్రికలు, వారపత్రికలు వైద్యుల సలహాలను ప్రశ్న-జవాబు రూపంలో చాలాకాలంగా ప్రచురిస్తున్నాయి. విజయవాడకు చెందిన డా. జి. సమరం వంటివారు ఈ ప్రక్రియ ద్వారానే, బయటకు మాట్లాడడానికి సంకోచించే లైంగిక ఆరోగ్య విషయాలను సైతం సామాన్య పాఠకుల దగ్గరకు చేర్చారు.

ఈ ప్రక్రియలో మూడు రక్షణలు సహజంగా ఇమిడి ఉన్నాయి. మొదటిది సంపాదకుడు. ప్రశ్నకూ ప్రచురణకూ నడుమ ఆయన పరిశీలన ఉండేది. రెండవది కాలవ్యవధి. ఉత్తరం రాసిన నాటికీ జవాబు వచ్చిన నాటికీ మధ్య రోజులో వారాలో గడిచేవి గనుక, అత్యవసర చికిత్స కోసం ఎవరూ ఆ శీర్షికను ఆశ్రయించేవారు కారు. మూడవది దూరం. పేరుకు బదులు పొడి అక్షరాలు, పక్కన ఊరి పేరు ఉంటే రాష్ట్రవ్యాప్త పాఠకులలో ఆ వ్యక్తిని గుర్తించడం దాదాపు అసాధ్యం.

వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఈ మూడు రక్షణలూ లేవు. సంపాదకుడి పని వైద్యుడే చేయాలి. ప్రశ్న అర్ధరాత్రి వస్తుంది, జవాబు వెంటనే కావాలంటుంది. అన్నిటికీ మించి, చదివేవారు దూరపు పాఠకులు కారు. వారు రోగి ఇరుగుపొరుగువారు, బంధువులు, సంతలో రోజూ కనిపించేవారు.

3. చిన్న సమాజంలో గోప్యత:

గోప్యతను గురించిన సాధారణ అవగాహన ఇది: పేరు, ముఖం, ఫోన్ నంబరు తొలగిస్తే రోగి ఎవరో తెలియదు. లక్షలాది జనం ఉన్న నగరంలో ఈ అవగాహన కొంతవరకు చెల్లవచ్చు. కోనసీమ గ్రామంలో చెల్లదు. దీనిని పూర్తిగా కల్పితమైన ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు.

“నిన్న రాత్రి ఒక లంక గ్రామం నుంచి నలభై అయిదేళ్ల కొబ్బరి దింపు కార్మికుణ్ణి పడవలో తీసుకొచ్చారు. చెట్టు మీద నుంచి పడి నడుము విరిగింది. భార్య కువైట్‌లో ఉంది. మా బృందం సకాలంలో శస్త్రచికిత్స చేసింది.”

ఇందులో పేరు లేదు, ఫొటో లేదు. అయినా ప్రతి వివరమూ వలయాన్ని చిన్నది చేస్తుంది. లంక గ్రామం అనగానే కొన్ని ఊళ్లు మిగులుతాయి. దింపు కార్మికుడు అనగానే కొద్దిమంది మిగులుతారు. వయసు, భార్య కువైట్‌లో ఉండడం, నిన్న రాత్రి పడవ కట్టడం కలిసేసరికి మిగిలేది ఒక్కరే. ఆ రేవులో ఉన్న ప్రతివారికీ ఆ వ్యక్తి ఎవరో తెలుసు. వారికి తెలియనిది నడుము విరిగిన సంగతి, శస్త్రచికిత్స సంగతి. వాటిని వైద్యుడే వెల్లడించాడు. కువైట్‌లోని భార్య ఆ వార్తను కుటుంబం ద్వారా కాక, ఎవరో పంపిన సందేశం ద్వారా తెలుసుకునే అవకాశం కూడా ఉంది.

గాయం విషయంలో నష్టం ఇంతటితో ఆగవచ్చు. క్షయ, హెచ్ఐవి, మానసిక వ్యాధి, గర్భస్రావం, సంతానలేమి వంటి విషయాలలో ఆగదు. పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు, రోగి చికిత్సనే మానుకోవచ్చు. ఇక్కడ పరీక్షించవలసిన ప్రశ్న “పేరు ఉందా?” అన్నది కాదు, “ఆ ఊరివారు చదివితే గుర్తుపడతారా?” అన్నది. గుర్తుపడతారనిపిస్తే ఆ సంఘటనను రాయకూడదు. రాయవలసిన అవసరం నిజంగా ఉంటే సంఘటనను వదిలి, దాని నుంచి తేలే ఆరోగ్య సూత్రాన్ని మాత్రమే రాయాలి. కొబ్బరి చెట్టు మీద నుంచి పడినవారిని ఎలా కదపాలో చెప్పడానికి ఏ ఒక్క రోగి కథా అక్కరలేదు.

గోప్యతకు మరొక ముఖం కూడా ఉంది. వాట్సాప్ బృందంలో సభ్యుల ఫోన్ నంబర్లు ఒకరికొకరికి కనిపిస్తాయి. ఒక వ్యాధి పేరుతో రోగుల బృందాన్ని ఏర్పాటు చేస్తే, అందులో చేరడమే ఆ వ్యాధి ఉన్నట్టు ప్రకటించడం అవుతుంది. వాట్సాప్ చానెల్‌లో అనుసరించేవారి నంబర్లు తోటి అనుచరులకు కనిపించవు. అందువల్ల సామాన్య ఆరోగ్య సమాచారాన్ని పంచడానికి బృందం కంటే చానెల్ మేలు. అలాగే రోగులు పంపిన ఫొటోలు ఫోన్ గ్యాలరీలో తమంతట తామే చేరే అమరికను ఆపివేయడం అవసరం. ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్‌లో రోగి గాయాల ఫొటోలు ఉండడం కూడా గోప్యతాభంగమే.

4. నియమాల చట్రం:

4.1. 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి:

ఆధునిక వైద్యులకు నేడు వర్తిస్తున్నది భారత వైద్యమండలి 2002లో రూపొందించిన వృత్తి ప్రవర్తన, మర్యాద, నీతి నియమావళి. రోగులను ఆకర్షించడానికి ప్రకటనలు ఇవ్వడాన్ని ఇది నిషేధిస్తుంది. వైద్యశాల ప్రారంభం, చిరునామా మార్పు, తాత్కాలిక గైర్హాజరు, తిరిగి విధులలో చేరడం వంటి విషయాలను పత్రికాముఖంగా తెలియజేయడానికి మాత్రం అనుమతిస్తుంది. ఈ నియమావళి సామాజిక మాధ్యమాలు విస్తరించక ముందు రూపొందింది. అయినా ప్రకటనకూ సమాచారానికీ అది గీసిన ఈ హద్దు నేటికీ ప్రయోజనకరమే.

రోగి గుర్తింపు తెలిసేలా ఫొటోలను గాని, కేసు వివరాలను గాని రోగి అనుమతి లేకుండా పత్రికలలో ప్రచురించరాదని ఈ నియమావళి చెబుతుంది. గుర్తింపు వెల్లడికాని పక్షంలో అనుమతి అక్కరలేదని కూడా చెబుతుంది. పై విభాగంలోని చర్చ ఈ మినహాయింపు విషయంలోనే కీలకమవుతుంది. గుర్తింపు వెల్లడికాకపోవడం అన్నది చదివేవారిని బట్టి మారుతుంది. హైదరాబాదు పాఠకుడికి వెల్లడికానిది కొత్తపేట పాఠకుడికి వెల్లడవుతుంది. కాబట్టి కోనసీమలో పనిచేసే వైద్యుడు ఈ మినహాయింపును ఆధారం చేసుకోవడం క్షేమం కాదు.

4.2. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు:

కోవిడ్ ఆరంభంలో, 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వాట్సాప్ వంటి సాధనాల ద్వారా నమోదిత వైద్యుడు సంప్రదింపు జరపడానికి ఇవి అనుమతిస్తాయి. కొన్ని షరతులను మాత్రం కచ్చితంగా విధిస్తాయి. వైద్యుడు తన నమోదు సంఖ్యను చూపాలి, రోగి గుర్తింపును నిర్ధారించుకోవాలి, సంప్రదింపు రికార్డులను భద్రపరచాలి. వైద్యసలహా ఉన్న చాట్‌ను చెరిపివేయడం గాని, తమంతట తామే మాయమయ్యే సందేశాల అమరికను వాడడం గాని ఈ బాధ్యతకు విరుద్ధమవుతుంది. మత్తు కలిగించే, మానసిక స్థితిపై ప్రభావం చూపే నియంత్రిత మందులను ఈ పద్ధతిలో రాయరాదు. అత్యవసర స్థితిలో దూరసలహా ప్రథమచికిత్సకు, ఆసుపత్రికి పంపే సూచనకు పరిమితం కావాలి.

ఈ మార్గదర్శకాలు భారతదేశ పరిధి వెలుపలి సంప్రదింపులకు వర్తించవు. కోనసీమకు ఇది చాలా ముఖ్యమైన అంశం. కువైట్‌లో ఉన్న స్త్రీ తన అనారోగ్యానికి అమలాపురం వైద్యుణ్ణి వాట్సాప్‌లో మందు అడిగితే, ఆ సంప్రదింపుకు ఈ మార్గదర్శకాల రక్షణ లేదు. ఆమె రాజోలులోని తల్లి గురించి అడిగితే ప్రశ్న వేరు. అక్కడ తల్లే రోగి. తల్లి స్వయంగా మాట్లాడగల స్థితిలో ఉంటే, ఆమె సమ్మతి లేకుండా కూతురికైనా వివరాలు చెప్పడం తగదు. మమకారంతో అడిగిన ప్రశ్నకు కాదనడం కష్టమే. అందుకే సమ్మతిని ముందుగానే, తల్లి ఆసుపత్రికి వచ్చిన రోజునే తీసుకుని నమోదు చేసుకోవడం ఉత్తమం.

4.3. 2023 నాటి నియమాలు, ఇతర చట్టాలు:

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త వృత్తి ప్రవర్తన నియమాలను ప్రకటించింది. వాటిలో సామాజిక మాధ్యమాలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఉన్నాయి. ఆగస్టు 23న ఆ నియమాల అమలును కమిషనే నిలిపివేసింది. కనుక అవి నేడు శాసనబలం ఉన్నవి కావు. అయినా ప్రారంభకులకు మంచి కొలమానంగా ఉపయోగపడతాయి. సమాచారం వాస్తవమై, నిర్ధారించదగినదై ఉండాలి. బహిరంగ వేదికలపై రోగుల చికిత్సను చర్చించరాదు, మందులు సూచించరాదు. రోగుల ఫొటోలు, స్కాన్ చిత్రాలు పెట్టరాదు. లైకులను, అనుచరులను డబ్బుతో కొనరాదు. రోగుల ప్రశంసలను అడగరాదు, పంచరాదు. తన నైపుణ్య పరిధి దాటి మాట్లాడరాదు. ఇవి వాటి సారాంశం.

మధుమేహం, క్యాన్సర్ వంటి నిర్దిష్ట వ్యాధులను నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తుంది. హెచ్ఐవి స్థితి వెల్లడిపై 2017 నాటి చట్టం, మానసిక రోగుల వివరాలపై అదే సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆంక్షలు విధిస్తున్నాయి. నర్సులు, ఫార్మసిస్టులు, ఆయుష్ వైద్యులు తమ తమ మండళ్ల నియమాలకు లోబడి ఉంటారు. పై సూత్రాలు మాత్రం అందరికీ సమానంగా ఉపకరిస్తాయి.

5. మూడు రకాల మాటలు - బోధ, సంప్రదింపు, సాక్ష్యం:

సామాజిక మాధ్యమాలలో ఆరోగ్యాన్ని గురించి జరిగే సంభాషణను మూడుగా విభజించుకుంటే ఆచరణ సులభమవుతుంది.

బోధ అందరికీ చెప్పేది. దోమతెర వాడకం, పాము కాటుకు ప్రథమచికిత్స, బోదకాలు నివారణ మాత్రలు ఎందుకు మింగాలో వివరించడం వంటివి దీని కిందికి వస్తాయి. గోదావరి డెల్టాకు బోదకాలు పాత సమస్య. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా మాత్ర ఎందుకు మింగాలన్నది ప్రజల సహజమైన ప్రశ్న. రక్తంలోని సూక్ష్మక్రిములను తగ్గిస్తే దోమల ద్వారా ఇతరులకు వ్యాపించడం ఆగుతుందని, కాలు వాచిన తరువాత మందు పాత వాపును పూర్వస్థితికి తేలేదని స్థానిక వైద్యుడు తెలుగులో చెబితే ఆ మాటకు విలువ ఉంటుంది. బోధకు బహిరంగ వేదిక తగినది.

సంప్రదింపు ఒకరికే చెప్పేది. బహిరంగ వ్యాఖ్యలో ఎవరైనా తన లక్షణాలు రాసి మందు అడిగితే, అక్కడే జవాబివ్వకుండా ఆసుపత్రికో, నియమబద్ధమైన దూరవైద్యానికో మళ్లించాలి. ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఆరోగ్య కేంద్రాల స్థాయిలో 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదట ఆరంభమైంది. మానసిక ఆరోగ్య సహాయానికి 14416 టెలిమానస్ నంబరు ఉంది. ఈ మార్గాలను చూపడం నిరాకరణ కాదు, అది కూడా వైద్యసహాయమే.

సాక్ష్యం అంటే “ఈ చికిత్సతో నాకు నయమైంది” అనే రోగి మాట. ఇది మూడింటిలో అత్యంత ప్రభావశీలం, అత్యంత ప్రమాదకరం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్ మందు విషయంలో జరిగినది ఇందుకు తగిన ఉదాహరణ. ఆ మందు వాడాక తేరుకున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియో విస్తృతంగా వ్యాపించింది. మహమ్మారి ఉద్ధృతంగా ఉన్న రోజులలోనే వేలాది జనం ఆ ఊరికి తరలివచ్చారు. పంపిణీని నిలిపి పరిశీలన జరిపించిన ప్రభుత్వం, మే 31న కంటిచుక్కలను మినహాయించి మిగిలిన మందుకు అనుమతి ఇచ్చింది. ఆ వీడియోలో కనిపించిన వ్యక్తి మాత్రం కొద్ది రోజులకే మరణించారు.

ఆయన చెప్పినది అబద్ధమని ఇక్కడ అభిప్రాయం కాదు. ఆ క్షణంలో తనకు కలిగిన అనుభవాన్ని ఆయన చెప్పారు. ఒక క్షణపు అనుభవం చికిత్సా ఫలితానికి రుజువు కాదన్నదే పాఠం. వీడియో వెళ్లినంత దూరం తరువాతి వార్త వెళ్లదు. ప్రశంసాపూర్వకమైన వీడియోలను ఆసుపత్రి పేజీలో పెట్టుకునే వైద్యుడు కూడా, చికిత్స ఆధునికమైనదే అయినా, ఇదే తర్కదోషానికి లోనవుతున్నాడు.

6. భాషా విషయాలు:

వైద్యసందేశం విఫలం కావడానికి సమాచార దోషం ఎంత కారణమో భాషాదోషం అంతే కారణం. కొన్ని అంశాలు గమనార్హం.

6.1. పదానికి వేరు అర్థం: టెలిమెడిసిన్ మార్గదర్శకాలలో “ఆర్ఎంపీ” అంటే వైద్యమండలిలో నమోదైన వైద్యుడు. తెలుగు గ్రామాల వాడుకలో “ఆర్ఎంపీ డాక్టరు” అంటే వైద్యవిద్య పట్టా లేకుండా ప్రాథమిక చికిత్స చేసే వ్యక్తి. మార్గదర్శకాలను అనువదిస్తూ “ఆర్ఎంపీలు వాట్సాప్‌లో మందులు రాయవచ్చు” అని రాస్తే అర్థం పూర్తిగా తారుమారవుతుంది. “నమోదిత వైద్యుడు” అని రాయడమే క్షేమం.

6.2. వ్యాధిని మరుగుపరిచే పదం: గుండెనొప్పిని “గ్యాస్” అనుకుని సమయం కోల్పోవడం ఇక్కడ తరచుగా వినిపించే విషయం. “మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ లక్షణాలు” అన్న శీర్షిక ఆ రోగిని చేరదు. “గ్యాస్ నొప్పి అనుకునే ముందు” అన్న శీర్షిక చేరుతుంది. ఛాతీ బరువు, చెమటలు, ఎడమచేతికీ దవడకూ పాకే నొప్పి ఉంటే ఆసుపత్రికి వెళ్లాలని రోగి మాటతో మొదలుపెట్టి చెప్పాలి. పక్షవాతం విషయమూ ఇంతే. గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలని తెలియనివారు నాటుమందు కోసం ఆ సమయాన్ని వెచ్చిస్తారు.

6.3. మర్యాద: కోనసీమ మాటలోని “అండి”, “ఆయ్” సినిమాలలో హాస్యపాత్రలకు గుర్తుగా మారాయి. వీడియోలో వాటిని అనుకరించడం వినేవారిని నవ్విస్తుంది, సందేశాన్ని తేలిక చేస్తుంది. తనకు సహజమైన మాటతీరుతో, “మీరు” అన్న గౌరవవాచకంతో మాట్లాడడం చాలు. మంత్రం, పసరు వంటి నమ్మకాలను ఎగతాళి చేస్తే, వాటిని నమ్మేవారు ముందుగా వీడియోను, తరువాత వైద్యుణ్ణి వదులుకుంటారు.

6.4. క్లుప్తత: పాము కాటుపై ఒక సందేశం ఇలా ఉండవచ్చు: “పాము కరిచిందని అనుమానం వస్తే కరిచిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచండి. తాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. పామును వెతుకుతూ సమయం పోగొట్టకండి. 108కి ఫోన్ చేసి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.” దీని కింద రాసినవారి పేరు, అర్హత, తేదీ ఉండాలి. తేదీ లేని ఆరోగ్య సందేశం ఏళ్ల తరబడి ఫార్వర్డ్ అవుతూ, కాలం చెల్లిన తరువాత కూడా కొత్తదిగా చలామణి అవుతుంది.

స్థానిక వృత్తినిపుణుల అవసరం కూడా ఇక్కడే స్పష్టమవుతుంది. పై సందేశం మహానగర వైద్యుడు కూడా చెప్పగలడు. కాని రాత్రివేళ పంటు నడవని లంకలో “108కి ఫోన్ చేయండి” అన్నది సగం సలహా మాత్రమే. ఏ రేవు నుంచి పడవ దొరుకుతుంది, అవతలి ఒడ్డుకు అంబులెన్సు ఎక్కడికి రావాలి, ఏ ఆసుపత్రిలో విషవిరుగుడు మందు సిద్ధంగా ఉంది అన్న మిగిలిన సగం స్థానిక వైద్యుడు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త మాత్రమే చెప్పగలరు. సామాజిక మాధ్యమాలకు దూరంగా ఉండడమే క్షేమమని నిశ్చయించుకుంటే ఈ సగం ఎవరికీ అందదు.

7. వదంతి, విపత్తు, మాధ్యమం ఆగిపోవడం:

2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో హింసాత్మక సంఘటనలు జరిగాయి. ఆ తరువాత పలు రోజులపాటు కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. అదే సంవత్సరం జూలైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. రెండు నెలల వ్యవధిలో జరిగిన ఈ రెండు సంఘటనలు ఆరోగ్య వృత్తినిపుణులకు రెండు పాఠాలు చెబుతాయి.

మొదటిది, ఈ మాధ్యమం ఎప్పుడైనా ఆగిపోవచ్చు. రోగుల తదుపరి పరీక్ష తేదీలు, మందుల మార్పులు కేవలం వాట్సాప్‌లోనే ఉంటే, అది ఆగిన రోజున చికిత్స కూడా ఆగుతుంది. నెలలు నిండిన గర్భిణులు, ఇన్సులిన్ వాడేవారు, డయాలసిస్ రోగుల ఫోన్ నంబర్లు కాగితంపై భద్రంగా ఉండాలి. మామూలు ఫోన్ కాల్, ఆశా కార్యకర్త ఇంటి సందర్శన ప్రత్యామ్నాయాలుగా నిలవాలి.

రెండవది, ఉద్రిక్త సమయంలో వైద్యుడి మాటకు మామూలుకంటే ఎక్కువ బరువు ఉంటుంది. మృతుల, క్షతగాత్రుల సంఖ్యను, వారి కులమతాలను, ఆసుపత్రి లోపలి దృశ్యాలను వృత్తినిపుణుడు పంచితే వదంతికి ప్రామాణికత లభిస్తుంది. అటువంటి రోజులలో అధికారికంగా ప్రకటించిన సమాచారాన్ని, ప్రథమచికిత్స సూచనలను, సేవలు అందుబాటులో ఉన్న చోట్లను మాత్రమే తెలపాలి. సందేహాస్పదమైన సందేశాన్ని ఖండించేటప్పుడు దానినే తిరిగి ఫార్వర్డ్ చేయకుండా, సరైన విషయాన్ని ముందుగా, విడిగా రాయాలి. తప్పుడు సందేశాన్ని యథాతథంగా జోడిస్తే ఖండన వెనుకబడి ఆ సందేశమే ముందుకు సాగుతుంది.

8. ఉద్యోగిగా మాట - వ్యక్తిగా మాట:

ప్రభుత్వ సిబ్బందికి 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. 2020 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి మత్తువైద్యుడు డా. సుధాకర్, మాస్కుల కొరతపై మాధ్యమాల ముందు మాట్లాడిన దృశ్యం విస్తృతంగా ప్రచారమైంది. ఆయనను సస్పెండ్ చేశారు. తదనంతర పరిణామాలు హైకోర్టు వరకు వెళ్లాయి. ఈ వ్యవహారంలోని న్యాయాన్యాయాల నిర్ణయం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. సిబ్బంది భద్రతను గురించిన ప్రశ్న న్యాయమైనదే కావచ్చు. దానిని అడిగే వేదిక మారగానే పర్యవసానం మారుతుందని కొత్తవారు గ్రహించాలి. ఫిర్యాదును ముందుగా లిఖితపూర్వకంగా సమర్పించి నకలు దాచుకోవడం, వృత్తిసంఘం ద్వారా మాట్లాడడం, వ్యక్తిగత ఖాతాలో సంస్థ పేరుతో అభిప్రాయాలు ప్రకటించకపోవడం వల్ల చెప్పే మాటా నిలుస్తుంది, చెప్పే వ్యక్తీ నిలుస్తాడు.

9. ప్రారంభ క్రమం:

పై చర్చ ఆధారంగా ఒక ఆచరణ క్రమాన్ని ఇలా సూచించవచ్చు.

1. వృత్తికి, కుటుంబానికి వేర్వేరు నంబర్లు, వేర్వేరు ఖాతాలు ఉంచుకోవాలి.
2. ఖాతా పరిచయంలో అర్హత, నమోదు సంఖ్య, పనివేళలు, “అత్యవసర సందేశాలకు ఇక్కడ జవాబు ఉండదు, 108కి ఫోన్ చేయండి” అన్న సూచన ఉండాలి. వాట్సాప్ బిజినెస్‌లో ఈ సూచనను స్వయంచాలక జవాబుగా అమర్చుకోవచ్చు.
3. మొదటి కొన్ని వారాలు ఏమీ రాయకుండా, స్థానిక బృందాలలో ప్రజలు ఏ ప్రశ్నలు అడుగుతున్నారో, ఏ మాటలు వాడుతున్నారో గమనించాలి.
4. ఒకే మాధ్యమంతో, తన నైపుణ్య పరిధిలోని ఒకే విషయంతో మొదలుపెట్టాలి.
5. ప్రచురణకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది నిజమని చూపగలనా? ఆ ఊరివారు ఎవరినైనా ఇందులో గుర్తుపడతారా? రోగి దీనిని చదివితే నా ముఖం చూసి మాట్లాడగలడా?
6. పొరపాటు జరిగితే నిశ్శబ్దంగా తొలగించకుండా, సవరణను తేదీతో సహా ప్రకటించాలి.
7. వైద్య, నర్సింగ్ విద్యార్థులు శిక్షణకాలం నుంచే ఈ క్రమశిక్షణను అలవరచుకోవాలి. వార్డులో తీసుకున్న సెల్ఫీలో వెనుక మంచం మీద ఉన్న రోగి కూడా కనిపిస్తాడని వారికి ముందుగానే తెలియాలి.

10. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• కోనసీమ వంటి సమీప సంబంధాల సమాజంలో గోప్యతకు కొలమానం పేరు తొలగించడం కాదు, ఊరివారు గుర్తుపట్టలేకపోవడం. 2002 నాటి నియమావళిలోని మినహాయింపును ఈ దృష్టితోనే అన్వయించుకోవాలి.
• బోధను బహిరంగంగా, సంప్రదింపును ఏకాంతంగా జరపాలి. సాక్ష్యాన్ని పూర్తిగా వదలాలి.
• గల్ఫ్ వలస, రేవు ప్రయాణం, వరద, ఇంటర్నెట్ నిలిపివేత వంటి స్థానిక పరిస్థితులు సాధారణ మార్గదర్శకాలకు ప్రత్యేకమైన అన్వయాన్ని కోరుతున్నాయి.
• వైద్యభాష రోగి వాడుకమాటతో మొదలుకావాలి. తెలుగు శాఖలు, వైద్యకళాశాలలు కలిసి వ్యాధి లక్షణాల వాడుకపదాలను మండలాల వారీగా సేకరించడం ముందుముందు జరగవలసిన పరిశోధన.

రేవు దాటి వచ్చిన రోగి తన కష్టాన్ని వైద్యుడికి చెప్పుకునేది, అది ఆ గది దాటి పోదన్న నమ్మకంతోనే. చరవాణి వచ్చాక కూడా ఆ గదికి గోడలున్నాయని రోగికి నమ్మకం కలిగించగలిగిన వృత్తినిపుణుడే సామాజిక మాధ్యమాలలోకి అడుగుపెట్టడానికి అర్హుడు.